బానెట్ కింద మురికి: ఇంటి దగ్గరే, తక్కువ నీళ్ళతో, భద్రంగా తీసే పద్ధతి

హైదరాబాద్‌లో రెండు మూడేళ్ళు తిరిగిన కారు బానెట్ ఎత్తి చూడండి. అన్నిటి మీదా బూడిదరంగు దుమ్ము. ఇంజిన్ తల మీద ఉండే మూత, అంటే టాపెట్ కవర్, అంచు వెంట ఆ దుమ్మే ఆయిల్‌తో కలిసి నల్లటి మడ్డి కట్టి ఉంటుంది. వైపర్ల కింద జాలీలో వేపాకులు, కానుగ పూలు. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగానో నీలంగానో పొడి. సెల్లార్‌లో పెట్టే బండి అయితే బ్యాటరీ పక్కన ఎలుక పెంటికలు కూడా కనబడవచ్చు.

ఇది చూసి చాలామంది పైపు తీసుకుని నీళ్ళు కొడతారు. లేదంటే వాషింగ్ సెంటర్‌కు తీసుకెళ్ళి ‘ఇంజిన్ కూడా కొట్టు’ అంటారు. రెండూ వద్దు. బానెట్ కింద ఉన్న మురికిలో ఎక్కువ భాగం పొడి దుమ్ము. పొడిగా ఉన్నంతసేపూ బ్రష్షుతో దులిపితే పోతుంది. దాని మీద నీళ్ళు పడ్డాయా, బురదై వైర్ల సందుల్లోకి, కనెక్టర్ల మడతల్లోకి జారి అక్కడే ఎండిపోతుంది. అందుకే ఈ పద్ధతిలో మొదటి గంటంతా పొడి పనే. ఆ తర్వాత జిడ్డు ఉన్న చోట మాత్రం తడి. మొత్తం కలిపి 2, 3 లీటర్లకు మించి నీళ్ళు అక్కర్లేదు.

మెరుపు కోసం పడే కష్టం కాదిది. ఇంజిన్ శుభ్రంగా ఉంటే ఆయిల్ ఎక్కడ కారుతోందో, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఎక్కడ ఊరుతోందో, ఏ వైరును ఎలుక కొరికిందో వెంటనే కంటబడుతుంది. మడ్డి కింద అయితే ఆరు నెలలైనా తెలియదు.

ఏ బండికి, ఎప్పుడు

మామూలు పెట్రోల్, డీజిల్ కార్లకు ఇక్కడ చెప్పినదంతా వర్తిస్తుంది. బానెట్ కింద నారింజరంగు లావు కేబుళ్ళు కనబడితే అది హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ బండి. ఆ కేబుళ్ళలో వందల వోల్టుల కరెంటు ఉంటుంది. అలాంటి బండికి పొడి బ్రష్షు, గట్టిగా పిండిన గుడ్డ, అంతే. స్ప్రే వద్దు, నారింజరంగు కనెక్టర్ల జోలికి అసలు పోవద్దు. సీఎన్‌జీ కిట్ ఉన్న బండిలో రెగ్యులేటర్ దగ్గర, గ్యాస్ పైపుల జాయింట్ల దగ్గర కూడా పొడి గుడ్డతోనే సరిపెట్టండి.

బానెట్ ఎత్తగానే పెట్రోల్ వాసనో గ్యాస్ వాసనో కొడితే పని అక్కడే ఆపండి. వాక్యూమ్, బ్లోయర్ ఏదీ ఆన్ చేయొద్దు, బండి స్టార్ట్ చేయొద్దు. మెకానిక్‌ను పిలవండి. ఇంకో మాట: బండి వారంటీలో ఉండి, ఆయిల్ లీకు అనుమానం ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌లో చూపించి జాబ్ కార్డులో రాయించండి. తుడిచేశాక తీసుకెళితే చూపించడానికి ఆనవాలు మిగలదు.

మన ఊరి వాతావరణానికి ఏడాదికి రెండుసార్లు చాలు. మే చివర, వానలు మొదలయ్యేలోపు పొడి పని, ఆకులు తీయడం. అక్టోబరులో వానలు వెనకబట్టాక పూర్తి పని. చెట్టు కింద నిలబెట్టే బండికి మాత్రం ఎండాకాలమంతా నెలకోసారి ఆకులు తీయాలి. ముందు వేపాకు రాలుతుంది, వెనకే వేప పూత, కానుగ పూలు. ఒకదాని తర్వాత ఒకటి వచ్చి అదే జాలీలో పడతాయి.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టండి. రాత్రంతా నిలబడ్డ బండి కాబట్టి ఇంజిన్ చల్లగా ఉంటుంది, ఎండ ముదరకముందే పని అయిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీల్లో చేస్తే డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) రాసిన నిమిషానికే ఎండిపోయి, అల్యూమినియం మీద తెల్ల మరకలు వదులుతుంది. సెల్లార్‌లో వద్దు. వెలుతురు చాలదు, గాలి ఆడదు, చివర్లో ఇంజిన్ నడిపి ఆరబెట్టాలి కాబట్టి ఆ పొగ అక్కడే నిలిచిపోతుంది. గేటు ముందో, బయట పార్కింగ్‌లోనో నీడ పట్టున చదునుగా ఉన్న చోట పెట్టండి.

సామాను

పెయింట్ బ్రష్షులు రెండు, ఒకటి అంగుళం, ఒకటి రెండంగుళాలు. పిడికీ కుచ్చుకీ మధ్య ఉండే రేకు పట్టీకి ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టండి. చిన్న పనే గానీ తప్పనిసరి: ఆ రేకు బ్యాటరీ పాజిటివ్‌కీ పక్కనున్న ఇనుముకీ ఒకేసారి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. పాత టూత్‌బ్రష్షులు రెండు. సీసాలు కడిగే బ్రష్షు ఒకటి. మైక్రోఫైబర్ గుడ్డలు ఐదారు, మంచివి కాదు, పారేయడానికి సిద్ధంగా ఉన్నవి. వాక్యూమ్ క్లీనర్. 500 వాట్ల చిన్న బ్లోయర్ ఉంటే ఇంకా మంచిది. మొక్కలకు కొట్టే 2 లీటర్ల స్ప్రే పంపు. దళసరి పాలిథిన్ కవర్లు, రబ్బర్ బ్యాండ్లు. 10 ఎం.ఎం. పానా. టార్చి లైటు. నైట్రైల్ గ్లోవ్స్, కళ్ళద్దాలు. టాపెట్ కవర్, చుట్టుపక్కల జిడ్డుకు నీళ్ళలో కలిసే రకం డీగ్రీజర్, కనీసం 200 మి.లీ. వంటసోడా, వాజలైన్ ఇంట్లో ఉన్నవే. పానాలు, బ్రష్షులు కాలనీ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి, సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వైపు వెళ్ళే పని ఉంటే అక్కడ అన్నీ ఒకేచోట కొనవచ్చు.

వాడకూడనివి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే వాటిని వాడే అలవాటు బాగా పాతుకుపోయింది. డీజిల్, కిరోసిన్‌తో ఇంజిన్ కడిగితే నల్లగా నిగనిగలాడుతుంది, నిజమే. కానీ ఆ నూనె రబ్బరు గొట్టాలను, బుష్‌లను ఉబ్బించి మెత్తబరుస్తుంది, బెల్టుకు అంటితే బెల్టు జారుతుంది, మిగిలిన పొర మీద కొత్త దుమ్ము వారంలో అంటుకుంటుంది. పైగా వేడి ఎగ్జాస్ట్ పక్కన నూనెలో నానిన మడ్డి ఉండటం అంటే నిప్పుతో ఆట. పెట్రోల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. బాత్రూం యాసిడ్, బట్టల సోడా అల్యూమినియాన్ని తినేస్తాయి. నేటి ఇంజిన్ హెడ్డు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పెట్టె, ఏసీ కంప్రెసర్, రేడియేటర్ రెక్కలు అన్నీ అల్యూమినియమే.

ప్రెషర్ వాషర్ అసలే వద్దు. ఇంజిన్ గదిలో కనెక్టర్లకు రబ్బరు సీళ్ళు ఉంటాయి గానీ అవి వాన చినుకులు, రోడ్డు మీంచి చిమ్మే నీళ్ళు ఆపడానికి పెట్టినవి. ఐదారేళ్ళ వేడికి ఆ రబ్బరు గట్టిపడి ఉంటుంది. ఇళ్ళల్లో వాడే ప్రెషర్ వాషర్ 100 బార్‌కు పైగా ఒత్తిడితో కొడుతుంది. ఆ దెబ్బకు నీళ్ళు సీలు దాటి లోపలికి వెళ్ళిపోతాయి, బయటికి రావడానికి మాత్రం దారి ఉండదు. పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి, ఏ మూడు నెలలకో సెన్సార్ తప్పుడు లెక్క చూపిస్తుంది. అప్పటికి ఆ రోజు కడిగిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

పొడి పని

బండి రాత్రంతా నిలబడి ఉండకపోతే, ఆపాక కనీసం 45 నిమిషాలు, ఎండాకాలం గంటన్నర బానెట్ ఎత్తి వదిలేయండి. చేయి పెట్టి అయిదు లెక్కపెట్టేదాకా ఉంచగలిగేంత చల్లారాలి. ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, బండి నడిచేటప్పుడు వందల డిగ్రీలకు వెళ్ళే పోత ఇనుము, దాని మీద చన్నీళ్ళు పడితే పగులు రావచ్చు. తాళంచెవి జేబులో పెట్టుకోండి. బటన్ స్టార్ట్ బండి అయితే కీ ఇంట్లోనే పెట్టి రండి. కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరుగుతుంది కాబట్టి చల్లారేదాకా ఫ్యాను దగ్గర చేతులు పెట్టొద్దు. ఉంగరం, కడియం, వాచీ తీసేయండి. చున్నీ, వేలాడే చొక్కా కొసలు లోపలికి దోపుకోండి.

మొదలుపెట్టేముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఏ క్లిప్పు ఎక్కడిది, ఏ మూత ఎటు తిరిగి ఉంది అన్న అనుమానం వచ్చినప్పుడు అదే ఆధారం. రెండు ఫెండర్ల (ముందు చక్రాల పైనుండే రేకుల) మీదా పాత దుప్పటి మడిచి వేయండి. ఇంజిన్ మీద ప్లాస్టిక్ కవర్ ఉంటే పైకి లాగితే ఊడుతుంది. ఒక మూల, తర్వాత ఎదురు మూల, అలా లేపండి. ఒకేసారి గుంజితే కింద రబ్బరు బుడిపెలు చిరుగుతాయి. దాన్ని పక్కన షాంపూ నీళ్ళతో మామూలుగా కడిగి ఆరబెట్టుకోవచ్చు.

ఎలుక పెంటికలు ఉంటే కింద ‘ఎలుకలు’ అన్నచోట చెప్పినట్టు ముందే వాటిని తీసేయండి. ఇప్పుడు పెద్ద బ్రష్షు ఒక చేత్తో, వాక్యూమ్ గొట్టం ఇంకో చేత్తో. పైనుంచి కిందికి రండి. బ్రష్షు లేపిన దుమ్మును వెంటనే వాక్యూమ్ పీల్చేయాలి, లేకపోతే అదే పోయి పక్కన పడుతుంది. వైర్ల కట్టల మీద బ్రష్షును వైరు వెంటే నడపండి, అడ్డంగా రుద్దితే పాతబడ్డ క్లిప్పులు విరుగుతాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తెరవాలనుకుంటే ముందు మూత చుట్టూ పూర్తిగా శుభ్రం చేశాకే తెరవండి. మూత అంచు దుమ్ము లోపల పడితే తిన్నగా ఇంజిన్‌లోకే వెళ్తుంది. ఆయిల్ పోసే మూత, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత: ఈ మూడూ బిగుతుగా ఉన్నాయో లేదో చేత్తో చూడండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమనే పీల్చుకుంటుంది, ఇక నీళ్ళు పడితే బ్రేకుల మీద దాని ఫలితం కనబడుతుంది. అందుకే ఆ మూత చుట్టూ పొడి గుడ్డ తప్ప ఇంకేదీ వాడొద్దు.

బానెట్ లోపలివైపు ఉండే మెత్తటి పరుపును తడపకండి, రుద్దకండి. వాక్యూమ్‌తో మెల్లగా లాగితే చాలు. దానికి చిల్లులు పడి దూది ఊడి ఉంటే ఎలుక పని అనుకోండి.

వైపర్ల కింద జాలీ

ఇంజిన్ దగ్గర ఎంత పని చేసినా ఈ జాలీని వదిలేస్తే అసలు పని మిగిలిపోయినట్టే. అద్దం మీద పడ్డ వాన నీళ్ళు ఈ జాలీలోంచి కింది తొట్టిలోకి దిగి, రెండు చివర్లలో ఉండే రంధ్రాల గుండా ముందు చక్రాల వెనక బయటికి పోతాయి. ఏసీకి బయటి గాలి వెళ్ళే దారి కూడా ఇక్కడే. ఆ రంధ్రాల్లో వేపాకులు కుళ్ళి ముద్ద కట్టాయంటే, తొట్టి నిండి నీళ్ళు బ్లోయర్ మోటారులోకి, అక్కడి నుంచి ఎడమ సీటు ముందు కార్పెట్ కిందికి దిగుతాయి. జులైలో కారు తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన వస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే.

పైన కనబడే ఆకులు చేత్తో తీయండి. రెండు చివర్లలో జాలీ కింద టార్చి వేసి చూడండి. మట్టి, ఆకుల ముద్ద తడిగా కనబడితే వేళ్ళతోనో, చివర వంచిన ప్లాస్టిక్ పుల్లతోనో బయటికి లాగండి. లోపలికి నెట్టొద్దు, నెడితే గొట్టంలో ఇరుక్కుంటుంది. ఇనుప తీగ వాడితే లోపల పెయింటు గీరుకుని తుప్పు మొదలవుతుంది. అయ్యాక అర లీటరు నీళ్ళు మగ్గుతో ఒక చివర మెల్లగా పోసి కింద చూడండి. చక్రం వెనక నుంచి వెంటనే ధారగా వస్తే దారి శుభ్రం. చుక్కలు చుక్కలుగా వస్తే ఇంకా ముద్ద ఉన్నట్టు. రెండో చివర కూడా ఇలాగే. జాలీ ఊడదీయాలంటే కొన్ని బండ్లలో ముందు వైపర్ చేతులు తీయాలి. అలవాటు లేకపోతే ఆ పని మెకానిక్‌కు వదిలేయండి.

నీళ్ళు ఎలాంటివి

బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. ఆరిన ప్రతి చుక్కా నల్లటి గొట్టాల మీద తెల్ల చుక్కై కూర్చుంటుంది. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్ళు బండి కడగడానికి పట్టి పెట్టుకునే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది. టైర్లకు, నేలకు మంచిదే. బానెట్ కింద మాత్రం వద్దు, ఆ నీళ్ళలో ఉప్పులు మిషన్‌లోకి వెళ్ళే నీళ్ళకన్నా ఎక్కువ. నల్లా నీళ్ళు తాగడానికి వచ్చేవి, వాటిని బండికి పారబోయడం న్యాయం కాదు. మనకు కావలసింది 2, 3 లీటర్లే కాబట్టి ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళు బకెట్‌లో పట్టి, గుడ్డలో వడకట్టి వాడుకోండి. గాలిలో తేమ చల్లబడి కారిన నీళ్ళు కాబట్టి వాటిలో ఉప్పులు దాదాపు ఉండవు, మరక వదలవు. బ్యాటరీలో పోయడానికి మాత్రం అవి పనికిరావు. ఏసీ కాయిల్ మీది దుమ్ము, లోహపు రేణువులు వాటిలో ఉంటాయి. బ్యాటరీకి కొన్న డిస్టిల్డ్ వాటరే.

బ్యాటరీ విప్పి, కప్పాల్సినవి కప్పడం

తడి పనికి ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. ముందు నెగటివ్, ఎందుకంటే పాజిటివ్ విప్పేటప్పుడు పానా పొరపాటున బాడీకి తగిలితే, నెగటివ్ బిగించి ఉన్నప్పుడు షార్ట్ అవుతుంది. నెగటివ్ క్లాంపు మీద చిన్న నల్ల డబ్బా ఉంటే అది కరెంటు కొలిచే సెన్సార్, దాన్ని పట్టుకుని గుంజకండి. విప్పే ముందు డ్రైవర్ వైపు అద్దం దించి ఉంచుకోండి, కొన్ని బండ్లు కరెంటు పోతే తలుపులు తెరుచుకోవు. విప్పిన వైరు చివరను గుడ్డలో చుట్టి పక్కకు కట్టేయండి.

కవర్లతో మూయాల్సినవి: ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, ఇంజిన్ కంప్యూటర్ డబ్బా, ఎయిర్ ఫిల్టర్‌కు గాలి వెళ్ళే మూతి, పెట్రోల్ ఇంజిన్‌లో పైనుండి స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిళ్ళు, డీజిల్‌లో ఇంజెక్టర్ల కనెక్టర్లు. కవర్ వేసి రబ్బర్ బ్యాండు బిగించండి. ఆల్టర్నేటర్‌కు గాలి రంధ్రాలు నేరుగా తెరిచే ఉంటాయి, డీగ్రీజర్ నురగ లోపలికి పోతే బేరింగు గ్రీజు కరుగుతుంది. పని అయ్యాక ఎన్ని కవర్లు వేశారో అన్నీ తీయాలి కాబట్టి లెక్క ఒక కాగితం మీద రాసుకోండి. గాలి మూతి మీద కవర్ మరిచి స్టార్ట్ చేస్తే బండికి ఊపిరాడదు, కవర్ ముక్క లోపలికి లాగేసుకున్నా ఆశ్చర్యం లేదు.

జిడ్డు తీయడం

డీగ్రీజర్ సీసా మీద ఎంత కలపమని ఉంటే అంతే కలపండి. మామూలు జిడ్డుకు సాధారణంగా 1 వంతు మందుకు 10 వంతుల నీళ్ళు, మడ్డికి 1 వంతుకు 4. చిక్కగా కలిపితే త్వరగా పోతుందనుకోవడం పొరపాటు. చిక్కటి మందు ప్లాస్టిక్‌ను వెలిసేలా చేస్తుంది.

ఈ మందును నేరుగా ఇంజిన్ మీద స్ప్రే కొట్టొద్దు. బ్రష్షు మీద కొట్టి, ఆ బ్రష్షుతో రాయండి. ఈ ఒక్క మార్పుతో మందు ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్తుంది, ఖర్చూ తగ్గుతుంది. ఒకసారికి అరచేయి నాలుగింతల చోటు తీసుకోండి. రాయండి, 2 నిమిషాలు ఆగండి, టూత్‌బ్రష్షుతో గుండ్రంగా రుద్దండి, తడిగుడ్డతో తుడవండి. మందు ఎండనివ్వొద్దు. గుడ్డ నల్లబడగానే మడత మార్చండి, ఎనిమిది మడతలూ నల్లబడితే కొత్త గుడ్డ. చివరగా స్ప్రే పంపులో ఏసీ నీళ్ళు పోసి సన్నటి జల్లుతో ఆ ముక్కను తడిపి, ఆరేలోపే పొడి గుడ్డతో అద్దండి. కవర్లు వేసినవాటి దగ్గర జల్లు కూడా వద్దు, తడిగుడ్డతోనే కానివ్వండి.

బెల్టు జోలికి మందు పోకూడదు. బెల్టు దగ్గర పని ఉంటే పొడి గుడ్డ ఒకటి అడ్డం పట్టుకోండి. రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్ రెక్కలు కాగితమంత పల్చన. మెత్తటి బ్రష్షుతో రెక్కలు నిలిచిన దిశలోనే మెల్లగా దులపాలి, వేలితో నొక్కితే వంగిపోతాయి. పచ్చగానో గులాబీరంగులోనో ఎండిన మరక గొట్టాల జాయింట్ల దగ్గర కనబడితే అది కూలెంట్. తుడిచేముందు ఫొటో తీసి పెట్టుకోండి. కూలెంట్ కింద కారి ఉంటే వెంటనే తుడిచి నీళ్ళు పోయండి. దాని రుచి తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు, పిల్లులు నాకితే ప్రాణం పోతుంది.

తుడిచిన గుడ్డల నీళ్ళు వాన నీటి కాలువలో పోయకండి. మన కాలువలు చివరికి ఏ చెరువులోకో, మూసీలోకో చేరతాయి. ఆయిల్ మడ్డిని పాత పేపర్లతో ముందే గీరి తీసేస్తే నీళ్ళలోకి పోయేది చాలా తగ్గుతుంది. జిడ్డు గుడ్డలు కుప్పగా ఎండలో పెట్టొద్దు, విడివిడిగా ఆరేసి పారేయండి.

బ్యాటరీ టెర్మినల్ పొడి

నెగటివ్ ఎలాగూ విప్పారు, ఇప్పుడు పాజిటివ్ కూడా విప్పండి. గ్లోవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి, ఆ పొడిలో ఆమ్లం ఉంటుంది. 250 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళలో ఒక టేబుల్ స్పూను వంటసోడా కలపండి. బ్యాటరీ మూతలు బిగించి ఉన్నాయని చూసుకుని, టూత్‌బ్రష్షు ఆ నీళ్ళలో ముంచి టెర్మినల్ మీద, క్లాంపు లోపలివైపు రుద్దండి. బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగిందంటే ఆమ్లం అయిపోయింది. సోడా నీళ్ళు బ్యాటరీ లోపలికి మాత్రం ఒక్క చుక్క పోకూడదు, పోతే లోపలి ఆమ్లాన్ని చంపేస్తుంది. తడిగుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. వైర్లు తర్వాత బిగిస్తాం. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది కాబట్టి సిగరెట్టు, అగ్గిపుల్ల దరిదాపుల్లో వద్దు.

ఎలుకలు

పెంటికలు కనబడితే పొడిగా ఊడ్చొద్దు, వాక్యూమ్ పెట్టొద్దు. ఆ దుమ్ము ఊపిరిలోకి పోతే జబ్బు చేయవచ్చు. పొడి పని మొదలుపెట్టే ముందే మాస్కు, గ్లోవ్స్ వేసుకుని, ఇంట్లో వాడే క్రిమిసంహారక మందు నీళ్ళతో వాటిని తడిపి, 5 నిమిషాలు ఆగి, పేపరుతో ఎత్తి కవర్లో కట్టి పారేయండి. తర్వాత వైర్ల కట్టలన్నీ టార్చి వేసి చూడండి. కొరికిన వైరులో రాగి మెరుస్తుంది. అలాంటిది కనబడితే తడి పని ఆపేసి ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పైన టేపు చుట్టి వదిలేయడం తాత్కాలికమే, లోపల రాగి పోగులు సగం తెగి ఉండవచ్చు.

కలరా ఉండలు ఇంజిన్ గదిలో వేయడం చాలామంది చేసే పని. ఆ వాసన ఇందాకటి జాలీ గుండా ఏసీలోకి, అక్కడి నుంచి పిల్లల ముక్కుల్లోకి వెళ్తుంది. వద్దు. సెల్లార్‌లో చెత్త డబ్బా పక్కన బండి పెట్టకపోవడం, కారులో తిండి మిగల్చకపోవడం, బండిని రోజుల తరబడి కదపకుండా వదిలేయకపోవడం: ఎలుకలను దూరంగా ఉంచడానికి వీటికి మించినది లేదు.

ఆరబెట్టి, స్టార్ట్ చేయడం

కవర్లు తీసి లెక్క సరిచూసుకోండి. పొడి గుడ్డతో అద్ది, బ్లోయర్‌ను చల్లగాలి మీద పెట్టి సందుల్లోని చుక్కలు బయటికి తోలండి. పంక్చర్ షాపు గాలి వద్దు, అందులో తేమా, ఆయిలూ ఉంటాయి. పెట్రోల్ ఇంజిన్‌లో కాయిళ్ళ చుట్టూ ఉండే గుంటలను ప్రత్యేకంగా చూడండి. నీళ్ళు నిలిచేది అక్కడే. గుడ్డ చివరను వత్తిలా మెలిపెట్టి గుంటలోకి దించి చూడండి, తడిగా వస్తే ఇంకా ఆరాలి. బానెట్ ఎత్తి ఒక గంట వదిలేయండి.

ఇప్పుడు బ్యాటరీ: ముందు పాజిటివ్, చివర నెగటివ్. క్లాంపు చేత్తో తిప్పితే కదలకూడదు. బిగించాక పైన వాజలైన్ పల్చగా రాయండి. టైము, రేడియో మళ్ళీ పెట్టుకోవాలి. ఆటోమేటిక్ అద్దాలు మొరాయిస్తే అద్దం పూర్తిగా పైకి వెళ్ళాక స్విచ్ కొన్ని సెకన్లు అలాగే పట్టి ఉంచితే చాలా బండ్లలో సర్దుకుంటుంది.

ఆరుబయట, బానెట్ ఎత్తి, 10 నుంచి 15 నిమిషాలు ఇంజిన్ నడపండి. ఎగ్జాస్ట్ మీద నుంచి మొదట కాస్త ఆవిరి రావడం మామూలే. ఆవిరి తెల్లగా వచ్చి ఆగిపోతుంది. నీలంగా, కాలుతున్న వాసనతో ఆగకుండా వస్తే ఆపేయండి, గుడ్డో కవరో మిగిలిపోయిందేమో చూడండి. ప్లాస్టిక్ భాగాలకు మెరుపు కావాలంటే నీళ్ళలో కలిసే రకం డ్రెస్సింగ్ (ప్లాస్టిక్‌కు మెరుపునిచ్చే ద్రవం) గుడ్డ మీద వేసుకుని, ఇంజిన్ చల్లారాక రాయండి. నూనెలా జారే సిలికాన్ రకాలు దుమ్మును పిలుస్తాయి.

తేడా చేస్తే

ఇంజిన్ వణికి, ఒక సిలిండర్ కొట్టనట్టు అనిపిస్తే దాదాపు ఎప్పుడూ కాయిల్ గుంటలో నీళ్ళే. ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ మినుకుమంటే వెంటనే ఆపాలి. మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్ళి అక్కడ పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది, దాని ఖరీదు చిన్నది కాదు. నెగటివ్ విప్పి, కాయిల్ బోల్టు తీసి పైకి లాగి, గుంటను, కాయిల్ కింది రబ్బరును ఆరబెట్టి మళ్ళీ పెట్టండి. లైటు మినుకుమనకుండా నిలకడగా వెలిగి, ఇంజిన్ సాఫీగానే తిరుగుతుంటే ఏదో కనెక్టర్ తడిసి ఉంటుంది. ఒక పూట ఎండలో బానెట్ ఎత్తి ఉంచండి, అప్పటికీ పోకపోతే స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గర కోడ్ చదివించండి.

బెల్టు కీచుమంటే తడి వల్ల అయితే రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఆగకపోతే మందు అంటినట్టు. ఇంజిన్ ఆపి, చల్లారాక మామూలు సబ్బునీళ్ళ గుడ్డతో బెల్టు గాడులు తుడిచి, మంచినీళ్ళ గుడ్డతో మళ్ళీ తుడవండి. బెల్టు మీద ఏ స్ప్రే కొట్టొద్దు. అసలు తాళం తిప్పినా చప్పుడు లేకపోతే ముందు బ్యాటరీ క్లాంపులు చూడండి, చాలాసార్లు అక్కడే వదులు ఉంటుంది.

ఓ 100 కిలోమీటర్లు తిరిగాక బానెట్ మళ్ళీ ఎత్తండి. ఇప్పుడు అంతా పొడిగా ఉండి, టాపెట్ కవర్ ప్యాకింగ్ అంచున ఒక్కచోట మాత్రం తడి మెరుపు కనబడితే లీకు అక్కడే. తెల్లటి టిష్యూ పేపరు అద్ది చూడండి: బంగారురంగో నల్లటి మరకో అయితే ఇంజిన్ ఆయిల్, పచ్చగానో గులాబీగానో తడి అంటితే కూలెంట్. ఆ టిష్యూనీ, మొదట తీసిన ఫొటోలనీ మెకానిక్‌కు చూపించండి.